మామగారు తొక్కిన చూన్యో

నేను పెరూ కొండల్లోని ఈ వైరాపాతాకు కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో మా అత్తగారు సతుర్నినా నా జడ వదులన్నారు, నేను కాచిన మొక్కజొన్న కల్లు నీళ్ళలా ఉందన్నారు, నా కూతురికి మా పుట్టింటి ముక్కు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. నేను చేసిన చూన్యో గురించి మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. ఒక దుంప చేతిలోకి తీసుకుని, వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసి, మళ్ళీ బస్తాలో పడేసేవారు. తిట్టడం కన్నా అది పెద్ద తిట్టని మా ఊరి కోడళ్ళందరికీ తెలుసు.

చూన్యోలో నిజానికి ఏముంది, బంగాళాదుంపే కదా. మాకు చలి ముదిరే జూన్ నెలలో రాత్రి మంచుకి పొలంలో పరుస్తాం. గడ్డకట్టిన దుంప పొద్దున ఎండకి మెత్తబడగానే వట్టి కాళ్ళతో తొక్కి, నీరంతా పిండి, పొట్టు రాల్చి ఎండబెడతాం. ఎండాక గులకరాయిలా తేలికగా, గట్టిగా తయారవుతుంది. తేమ తగలకుండా దాస్తే మనవలు కూడా తినొచ్చు. అందరూ చేసేది ఇదే. మా అత్తగారు చేస్తే మాత్రం అదేదో వేరే విద్య.

ఆ దాచే చోటు గురించి చెప్పాలి. ఊరి పైన గాలి ఎప్పుడూ ఆగని గట్టు మీద ఇంకాల కాలం నాటి గుండ్రటి రాతి గాదెలు ఏడు వరుసగా ఉన్నాయి. వాటి ముందు ఒక బోర్డు ఉంది. లోపలికి పోరాదు, పశువులను మేపరాదు, సామాను పెట్టరాదు అని దాని మీద రాసి ఉంటుంది. ఆ బోర్డుకీ గాదెలకీ కాపలాదారు మా ఆయన మెలేసియో. ఆయనకి ఒక టోపీ, ఒక ఈల ఇచ్చారు. నెల జీతం ఇస్తారు. గొర్రె అటు తొంగిచూసినా ఈల వేస్తాడు. వాళ్ళమ్మ మూట మోసుకుని ఐదో గాదెలోకి వంగి దూరుతున్నప్పుడు మాత్రం ఆయనకి ఎదుటి కొండ మీద ఏదో ముఖ్యమైన పని కనిపిస్తుంది.

నేను కొత్తగా వచ్చినప్పుడు అడిగాను. "రాజుల గాదెల్లో మన దుంపలేంటి అత్తయ్యా?"

"మా అమ్మ పెట్టింది, మా అమ్మమ్మ పెట్టింది. నేనూ పెడుతున్నా."

"ఎవరైనా అడిగితే?"

"రాజులొచ్చి అడగనీ, తీసేస్తాలే," అన్నారు.

ఐదు వందల ఏళ్ళుగా రానివాళ్ళు ఇప్పుడేం వస్తారని నేనూ ఊరుకున్నాను.

రాజులు రాలేదు గానీ, ఈ ఏడాది జూలైలో కుస్కో నుంచి పాలోమినో డాక్టరమ్మ వచ్చింది. పాత గోడలూ పాత మట్టీ చదివే డాక్టరు. ముప్పై దాటాయో లేదో. తన పేరు మీద తవ్వకం జరగడం ఇదే మొదటిసారట. ఊళ్ళోంచి ఎనిమిది మందిని పనికి పెట్టుకుంది. తవ్విన మట్టిని జల్లెడ పట్టే పని నాకు వచ్చింది. మొదటి గడ్డపార వేసే ముందు ఆమె మా పెద్దవాళ్ళతో పాటు నేల మీద కూర్చుని, మూడు కోకా ఆకులు వేళ్ళ మధ్య సరిగ్గా పేర్చి పట్టుకుని, నేలతల్లికి కల్లు పోసి మొక్కింది. మా అత్తగారు దూరం నుంచి చూసి పిల్ల మంచిదేనని తేల్చారు. తేల్చిన వెంటనే దగ్గరికెళ్ళి మోకాలు చూపించారు.

"నేను ఆ డాక్టర్ని కాదమ్మా," అని ఆమె ఎంత చెప్పినా వినలేదు.

"రాళ్ళ వయసు చెప్పగలవు, నా మోకాలి వయసు చెప్పలేవా?" అన్నారు.

పాపం, ఆ అమ్మాయి తన సంచిలో ఉన్న నొప్పి మందు ఇచ్చింది. అప్పటి నుంచి మా అత్తగారు రెండు రోజులకోసారి గట్టెక్కి మోకాలి సంగతి చెప్పి వచ్చేవారు.

తవ్వకం మొదలవడానికి ముందే మెలేసియో ఐదో గాదెలోని బస్తాలు గాడిద మీద వేసి ఇంటికి తెచ్చేశాడు. ఒక్క మూట మాత్రం మిగిలింది. గాదె లోపల పెద్ద పలకరాయి ఉంది, దాని కింద గొయ్యి ఉంది. ఆ గోతిలో గడ్డీ, పురుగు పట్టకుండా మున్యా ఆకూ వేసి, మా అత్తగారి అవ్వ ఎప్పుడో నేసిన లామా ఉన్ని సంచిలో ఉంచిన మూట అది. దాన్ని తీయడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

"పద్నాలుగేళ్ళుగా అక్కడుంది. సిలువ పండుగ దాకా అక్కడే ఉంటుంది. ఆ పిల్ల మొదటి రెండు గాదెలే తవ్వుతానంది కదా."

ఆ మూట సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. మా మామగారు హిలారియోని నేను చూడలేదు. నేను రావడానికి ఐదేళ్ళ ముందే పోయారు. పోవడానికి ముందు ఏడు, సిలువ పండుగలో ఊరందరి ఎదుట చెయ్యెత్తి, వచ్చే పండుగ భోజనాలు మా ఇంటివి అని మాటిచ్చారట. జూన్ రాగానే ఆలుమగలిద్దరూ ఐదు ఉదయాలు తొక్కి ఆ చూన్యో చేశారు. ఆగస్టులో ఆయనకి జ్వరం వచ్చింది. సెప్టెంబరులో భోజనాలు ఇంకొకరు పెట్టారు. మా ఊళ్ళో దాటిపోయిన వంతు ఇంటింటికీ తిరిగి గానీ మళ్ళీ రాదు. తిరిగి తిరిగి అది మా గడపకి ఈ ఏడే వచ్చింది. ఆయన పెట్టాల్సిన భోజనం ఆయన తొక్కిన చూన్యోతోనే పెట్టాలని మా అత్తగారు పద్నాలుగేళ్ళు కాచుకుని కూర్చున్నారు.

డాక్టరమ్మకి మొదటి రెండు గాదెల్లో ఎలుక ఎముకలు దొరికాయి. ముందు అనుకోకపోయినా మూడు, నాలుగు కూడా తవ్వించింది, వాటిలో అవి కూడా లేవు. ఆగస్టు చివరి వారం ఒక బుధవారం పొద్దున టేపు తీసుకుని ఐదో గాదెలోకి వెళ్ళింది. నేను జల్లెడ కింద పెట్టి లేచాను. మెలేసియో ఈల నోట్లో పెట్టుకుని తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరి మీద వెయ్యాలో ఆయనకే తెలియలేదు.

పలకరాయి లేపారు. గడ్డి తొలగించారు. సంచి బయటికి వచ్చింది. డాక్టరమ్మ దాని మూతి విప్పి లోపలికి చూసి, సంచి నేతని వేలితో తడిమింది.

"పరీక్ష చేయించకుండా ఏమీ చెప్పకూడదు," అంది. ఆ మాట తనకి తాను చెప్పుకుంటున్నట్టుంది. "కానీ ఈ నేత చూడండి. ఈ పలక, ఈ గడ్డి పొరలు, అంతా వాళ్ళ పద్ధతే. ఎవరైనా ఇంతకుముందు చూశారా దీన్ని?"

మా ఊళ్ళో ఒక కోడి గుడ్డు పెట్టినా నలుగురు నాలుగు మాటలంటారు. ఆ పూట మాత్రం ఎనిమిది మందికీ నోట్లో నాలుక లేకుండా పోయింది. అందరూ ఆకాశం వంక చూశారు. ఎవారిస్తో తాత అయితే రేపు గాలి మళ్ళుతుందని కూడా అన్నాడు. ఎవరూ మా ఆయన వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు. అందుకు వాళ్ళకి ఎంత మొక్కినా చాలదు.

మధ్యాహ్నం భోజనానికి ముగ్గురం ఇంటికి చేరాం.

"నే వెళ్ళి చెప్పేస్తా," అన్నాడు మెలేసియో. "అమ్మదే అని చెప్తా. టోపీ పోతే పోతుంది."

"టోపీ ఒక్కటే పోతుందా, జీతం పోదూ?" అన్నాను నేను. తర్వాత నాకే సిగ్గేసింది. "పోనీ నే చెప్తా అత్తయ్యా. ఆవిడ మంచిది. అర్థం చేసుకుంటుంది."

"నోర్మూసుకో," అన్నారు అత్తగారు. గొంతులో ఎప్పుడూ ఉండే పదును లేదు. "కాపలావాడే దొంగసరుకు దాచాడంటారు. పిల్లల బడి ఆ జీతం మీదే కదే నడుస్తోంది. శుక్రవారం పెట్టెలు కుస్కో పోతాయా? పోనీ. ఎవరూ ఏమీ అనకండి. నా మీద ఒట్టు."

"మరి పండుగ భోజనాలు?"

"నీ బస్తా ఉంది కదా. అదే వండుదాం," అన్నారు. నా చూన్యో వండుదామని ఆవిడ నోటితో అన్నారంటే ఆవిడ లోపల ఏమైపోతున్నారో నాకు అర్థమైంది. వంట గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

గురువారం పనివాళ్ళ భోజనం తీసుకుని ఆవిడే గట్టెక్కారు. మోకాలి నొప్పితో ఉన్న మనిషికి కుండ ఎందుకమ్మా, నేను తెస్తానన్నా వినలేదు. చివరిసారి చూసుకోవడానికి వచ్చారని నాకూ మెలేసియోకీ తెలుసు.

డేరా కింద బల్ల మీద తెల్ల కాగితం పరిచి, డాక్టరమ్మ చూన్యోలని వరుసలుగా పేర్చింది. పక్కన చిన్న చిన్న చీటీలు. ఒక్కో చీటీ మీదా గాదె నంబరు, గొయ్యి లోతు, దాని కింద 'చేసినవారు: తెలియదు' అని రాసి ఉంది. సగం అప్పటికే పెట్టెలోకి వెళ్ళిపోయాయి.

మా అత్తగారు కుండ దించి బల్ల దగ్గర నిలబడ్డారు. ఒక్కో వరుసా చూపులతోనే లెక్కపెట్టారు. తర్వాత ఉండబట్టలేకపోయారు.

"పురుగు పట్టిందా అమ్మాయ్?"

"ఒక్కటి కూడా పట్టలేదు సతుర్నినమ్మా. చూడండి."

"నల్లబడిందా?"

"లేదు. ఎంత తెల్లగా ఉన్నాయో చూడండి."

"పొట్టు?"

"ఎక్కడా పిసరు లేదు."

ఆవిడ మెడ కాస్త నిటారుగా అయింది. ఇలా ఒక్కో మెప్పూ పిండుకుంటే ప్రమాదమని నేను వెనక నుంచి శాలువా లాగాను. శాలువా విడిపించుకున్నారు.

"అయితే మంచి పనేనంటావు," అన్నారు.

"మంచి పని అంటే సరిపోదమ్మా," అంది డాక్టరమ్మ. ఒక దుంపని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. "ఆ కాలంలో చిన్నప్పుడే ఆడపిల్లల్ని ఏరి, ఏళ్ళ తరబడి పనులు నేర్పేవాళ్ళు. అలాంటి చెయ్యి పడితే గానీ ఇలా రాదు. నేను ఈ కొండల్లో ఎన్నో సంతలు తిరిగాను. ఇప్పుడు ఇలాంటి చూన్యో చేసేవాళ్ళు లేరు. ఆ పనితనం వాళ్ళతోనే పోయింది."

మా అత్తగారు బల్ల అంచు పట్టుకున్నారు. కొడుకు ఉద్యోగం కోసం మొగుడి మూటని వదులుకోవడానికి సిద్ధపడిన మనిషి. పద్నాలుగేళ్ళ ఆశని ఒక్క పూటలో మింగేసిన మనిషి. ఈ ఒక్క మాట మాత్రం ఆవిడకి మింగుడు పడలేదు. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి ఓర్చుకున్నారు. మూడోసారి కుదరలేదు.

"పనితనం ఎక్కడికీ పోలేదు," అన్నారు. "మోకాలి నొప్పితో నీ ఎదురుగానే నిలబడుంది."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడ అప్పటికే బల్ల మీదికి వంగి, వరుసలన్నీ చెరిపేసి, చూన్యోలని రెండు కుప్పలుగా వేరు చేస్తున్నారు.

"ఇది హిలారియోది. ఇదీ ఆయనదే. చూడు, ఒక పక్క నొక్కుకుపోయింది. గాడిద తన్నినప్పటి నుంచి ఎడం కాలి మీదే బరువంతా వేసేవాడు. ఎన్నిసార్లు చెప్పానో నెమ్మదిగా తొక్కమని. ఇది నాది, గుండ్రంగా ఉంది. ఇది నాది. ఇది... ఇది కూడా ఆయనదే."

ఆవిడ వేళ్ళు చకచకా కదులుతున్నాయి. ఏది ఎవరి కాలి కింద నలిగిందో పద్నాలుగేళ్ళ తర్వాత కూడా ఒక్కదానికీ తడుముకోలేదు. ఆయన కుప్ప పెరుగుతున్నకొద్దీ ఆవిడ చేయి నెమ్మదించింది. అప్పుడే మెలేసియో వచ్చి టోపీ తీసి బల్ల చివర పెట్టాడు. ఈల కూడా పక్కన పెట్టాడు.

"మా అమ్మది డాక్టరమ్మా. నాకు తెలుసు," అన్నాడు.

డాక్టరమ్మ ఖాళీ పెట్టె మీద కూర్చుంది. ముఖం ఎర్రబడింది. ఆమెకి కోపం వచ్చింది, రావాల్సిందే కూడా.

"నిన్ననే కుస్కోకి ఫోన్ చేసి చెప్పాను. పెద్దవాళ్ళందరికీ చెప్పాను," అంది. తర్వాత మా వంక తిరిగింది. "మీ అందరికీ తెలుసా?"

అందరూ మళ్ళీ ఆకాశం వంక చూశారు.

"ఎవారిస్తో తాతా, మీకు కూడానా?"

"మీరు అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్తామమ్మా," అన్నాడు తాత. "పైగా ఇంతకుముందు చూశారా అనడిగారు. మేం చూడలేదు. మూటగట్టే ఉండేది."

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని భుజాలు కదులుతున్నంత సేపూ కూర్చుంది. లేచాక తిన్నగా ఐదో గాదెలోకి వెళ్ళింది. గోతిలోకి తల దూర్చి, లోపల నుంచే అరిచి అడిగింది.

"ఈ అడుగున గాలి వచ్చే కంతలు ఎవరు శుభ్రం చేశారు? మిగతా గాదెల్లో అన్నీ పూడిపోయి ఉన్నాయి."

"ఎవరు చేస్తారు, నేనే," అన్నారు మా అత్తగారు. "మేలో కంతలు తీయాలి, వాన రాకముందు మూయాలి. మా అమ్మ అలాగే చేసేది. తీయకపోతే చెమ్మ పడుతుంది, గోడ ఉబ్బుతుంది. ఆ పక్క గాదె గోడ అలాగే కొంత కూలింది. చూసుకునే దిక్కు లేక."

డాక్టరమ్మ మట్టికొట్టుకుని బయటికి వచ్చింది. పుస్తకం తీసి కూర్చోమంది. ఆ సాయంత్రం దాకా ఆవిడ చెప్పారు, ఆమె రాసుకుంది. ఏ నెలలో ఏ కంత, ఏ పొర తర్వాత ఏ ఆకు, పలక ఎటు వాల్చాలి. మా అత్తగారికి అంత శ్రద్ధగా వినే మనిషి దొరకడం అదే మొదటిసారి. నేను వింటాను గానీ, నాకు వేరే పనులుంటాయి కదా.

చివరికి ఆమె చీటీల కట్ట ముందేసుకుంది. 'తెలియదు' అన్న మాటని ఒక్కో చీటీ మీదా కొట్టేసి, పైన పేర్లు రాసి, నా చేతికిచ్చింది.

"ఏం రాసింది?" అన్నారు అత్తగారు.

"చేసినవారు: హిలారియో, సతుర్నినా," అని చదివాను.

"ఆయన పేరు ముందా?"

"అవును."

"పోన్లే," అన్నారు. శాలువా కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ చదవమన్నారు. మూడుసార్లు చదివాను.

మూట మాకు తిరిగి వచ్చింది. మెలేసియో టోపీ గురించి డాక్టరమ్మ మాటేమీ ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాననీ, ఈ గాదె నిలబడింది ఎవరి వల్లో అది కూడా రాస్తాననీ మాత్రం చెప్పింది. పది రోజులకి కుస్కో నుంచి కాగితం వచ్చింది. మెలేసియోకి నాలుగు చీవాట్లు, టోపీ మాత్రం ఆయన నెత్తి మీదే. గాదెలో ఇకపై సరుకు పెట్టరాదు. గాలి కంతలు ఏడు గాదెలకీ ఎలా తీయాలో సతుర్నినా దగ్గరుండి చూపించాలి. నేను చదివి వినిపిస్తే ఆవిడ తలాడించారు.

"రాజులొచ్చి అడిగారుగా. తీసేశాం," అన్నారు. కానీ ఆ పూటంతా గట్టు వంకే చూస్తూ కూర్చున్నారు.

సిలువ పండుగ నాడు మా వాకిట్లో నాలుగు పెద్ద కుండలు పొయ్యెక్కాయి. గొర్రె మాంసం వేసి చూన్యో జావ కాచాం. మొదటి గిన్నె మా అత్తగారు ఎవరికీ ఇవ్వలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి, హిలారియో దుంపలు తొక్కిన చోట నేల మీద పోసి, "ఇదిగో నీ భోజనాలు. ఆలస్యమైందని నన్ననకు," అన్నారు. తర్వాత రెండు వందల మందికి ఆవిడే వడ్డించారు. ఆ రోజు మోకాలి ఊసే ఎత్తలేదు.

డాక్టరమ్మ కూడా వచ్చింది. రెండు గిన్నెలు తాగాక మెల్లగా అడిగింది. కుస్కోలో చూపించడానికి ఒక్క దుంప ఇస్తారా, పేర్లు రాసి అద్దాల పెట్టెలో పెడతాను అని. మా అత్తగారు నడుముకి కట్టుకున్న చిన్న సంచి విప్పారు. అంటే ముందే అనుకుని దాచారన్న మాట. ఒక పక్క నొక్కుకుపోయిన దుంప ఒకటి తీసి, అరచేతిలో కాసేపు ఉంచుకుని, ఇచ్చారు. దాని పక్కన గుండ్రటిది ఒకటి పెట్టారు. తర్వాత సంచి అడుగు నుంచి మూడోది తీశారు. కాస్త బూడిద రంగు, అంచున పొట్టు. అదెక్కడున్నా నేను గుర్తుపడతాను.

"ఇదెవరిదమ్మా?" అంది డాక్టరమ్మ.

"మా కోడలు నికోలాసాది. దీన్ని కూడా పక్కనే పెట్టు, పేరు రాసి పెట్టు. ముందున్న రెండూ ఎంత బాగున్నాయో చూసేవాళ్ళకి తెలియాలి కదా," అన్నారు.

రెండు వందల మంది నవ్వారు. నేనూ నవ్వాను. గిన్నెలు కడిగే వంకతో పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. తొమ్మిదేళ్ళలో నా చూన్యో గురించి ఆవిడ అన్న మొదటి మాట అదే.